పరీక్ష రాయని చెక్క

మా ఇల్లు, వంటగది బల్ల దగ్గర
ఫిబ్రవరి మొదటి ఆదివారం

గౌరవనీయులైన వదినగారికి,

ఇక్కడ అందరం బాగున్నాం. మీరూ అన్నయ్యా బాగున్నారని తలుస్తాను.

ఒక పని మీద రాస్తున్నాను. నడవాలోనూ ముందు గదిలోనూ ఉన్న టైల్స్ మీద చెక్క నేల వేయించాలనుకుంటున్నాం. ముప్ఫయ్యేళ్ళుగా ఇళ్ళకి చెక్క నేలలు వేస్తున్న మనిషి కుటుంబంలోనే ఉండగా బయటివాళ్ళని అడగడమేమిటని మా ఆయన అన్నారు. అయినా నేను అడిగాను, అడిగి వచ్చాను. షాపువాడు ఇరవై ముక్కలు చూపించి, ఇరవైటినీ ఇనుమే అన్నాడు.

మాది కుక్కలున్న ఇల్లు అని మీకు తెలుసు. గంతులమ్మకి తలుపు చప్పుడైతే చాలు, నడవా ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకటే పరుగు. బుడంకాయ పొట్టిదే గానీ మలుపు తిరిగేటప్పుడు గోళ్ళతో బ్రేకు వేస్తుంది. మా ఆయన సంగతీ తెలుసు కదా. కళ్ళద్దాల షాపులో రోజంతా గీతలు వెతకడమే ఆయన పని. ఇంటికొచ్చాక నేల మీద గీత కనిపిస్తే ఆ పూట అన్నం సయించదు.

అందుకని గీతలు పడని, ఎక్కువ కాలం మన్నే చెక్క పేరు ఒక్కటి రాసి పంపితే చాలు. మీకు శ్రమ ఇస్తున్నందుకు మన్నించాలి.

మీ ఆడపడుచు


వర్క్‌షాపు, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి పన్నెండు

ఏమ్మా ఆడపడుచుగారూ,

నీ ఉత్తరం చదివి ముందు కవరు తిరగేసి చూశాను, ఎవరికో రాసింది నాకొచ్చిందేమోనని. ఈ గౌరవనీయులైన వదినగారు ఎవరే? మీ అన్నయ్యని అడిగాను, ఆయనకీ తెలీదట. పెళ్ళైన మూడో రోజే నా జడ పట్టుకు లాగినదానివి. ఇప్పుడు ఫోను చెయ్యకుండా ఉత్తరం రాసి, అందులో నన్ను మీరు అంటున్నావంటే ఎక్కడో ఏదో తేడా ఉంది. నేను అడగనులే. చెప్పాలనిపించినప్పుడు నువ్వే చెబుతావు.

ఇక చెక్క పేరు. అది మాత్రం రాయను. పేరు వినగానే జనం దానితో ప్రేమలో పడిపోతారు. టేకు అన్నామంటే చాలు, ఇంకేమీ వినరు. అందుకే ఎవరు నేల వెయ్యమన్నా, వెనక నంబరు మాత్రం వేసి నాలుగు చెక్కలు పంపిస్తాను. నెల్లాళ్ళు వాటి మీద బతికి, ఏం జరిగిందో ఉత్తరం రాయమంటాను. ఆ ఉత్తరం చదివాకే రంపం ముట్టుకుంటాను. ఒక సంగీతం మాస్టారు నాలుగు పేజీలు రాశాడు, నాలుగు పేజీలూ కుర్చీ జరిపినప్పుడు పడ్డ గీతల గురించే. ఆయనకి కావలసింది కొత్త నేల కాదు, కుర్చీ కాళ్ళకి ఊలు తొడుగులు. అవే కుట్టి పంపించాను. మీ అన్నయ్య ఇప్పటికీ దెప్పుతాడు, వచ్చిన బేరాన్ని సూదీ దారంతో కుట్టేశానని.

లారీలో నాలుగు చెక్కలు వస్తున్నాయి. ఒక్కొక్కటి నిలువెత్తు పొడవు, మూరెడు వెడల్పు. కదలకుండా అడుగున రబ్బరు అంటించాను. నడవాలో పక్కపక్కనే పరిచి పెట్టు. వారం వారం వాటి చోట్లు మార్చు. తుడవడం, మెరుగు పెట్టడం లాంటి ఇల్లాలి పనులేవీ వాటి మీద చూపించకు.

తాతగారు ఎలా ఉన్నారు? నా పని బల్ల కింద రంపపు పొట్టులో పుట్టిన కుక్కపిల్లని నీ ఒళ్ళో పెట్టి పన్నెండేళ్ళు దాటింది, ఆ పిల్లే ఇప్పుడు తాతగారు. ఆయనకి ఈ చెక్కల వాసన చూపించు, పుట్టిల్లు గుర్తొస్తుందేమో.

నీ వదిన (గారు కాదు)


మా ఇల్లు, వంటగది బల్ల
మార్చి ఇరవై

వదినా,

సరే, ఇక నుంచి నువ్వనే అంటాను. జడ సంగతి ఇంకా మర్చిపోలేదా తల్లీ!

నీ చెక్కలు దించిన రోజు ఇల్లంతా వర్క్‌షాపు వాసన. నాలుగింటినీ నడవాలో పరిచాం. అంచులు ఎంత నున్నగా ఉన్నాయంటే, మా ఆయన నాలుగైదు సార్లు వేలుతో రాసి చూసుకున్నారు. లెన్సు అంచు కూడా ఇంత బాగా చెక్కడం కష్టమట. ఆయన నోట్లోంచి ఇంకొకరి పనికి మెచ్చుకోలు రావడం పెళ్ళయ్యాక నేను వినడం ఇది రెండోసారి. మొదటిది కూడా నీ గురించే, మా బల్ల చేసి పంపినప్పుడు.

నెల్లాళ్ళూ కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాశాను. లెక్కల టీచర్ని కదా, మార్కులు వెయ్యకుండా ఉండలేను. ఒకటో నంబరుకి పదికి రెండు. పాపం మెత్తన, గంతులమ్మ రెండు రోజుల్లో దాని మొహం గీరేసింది. రెండో నంబరుకి అయిదు. దాని మీద నాగలి చాళ్ళలా సన్నని గాళ్ళు ముందే ఉన్నాయి, వాటి మధ్య గోళ్ళ గుర్తులూ ఉన్నాయి. నాలుగుకి ఆరు. మూడో నంబరుకి మాత్రం పదికి పది! ఎటు జరిపినా, ఎక్కడ పెట్టినా ఒక్క గీత లేదు, వచ్చిన రోజు ఎలా మెరిసిందో ఈ రోజూ అలాగే మెరుస్తోంది. మా ఆయన షాపు నుంచి భూతద్దం తెచ్చి, బోర్లా పడుకుని, పావుగంట వెతికి లేచారు. "చెక్కంటే ఇదీ" అన్నారు.

కాబట్టి మూడో నంబరు ఖాయం. ఇల్లంతా అదే వెయ్యి. కాస్త తొందరగా వేస్తే బాగుంటుంది వదినా. వీలైతే ఏప్రిల్‌లోనే.

నీ ఆడపడుచు


వర్క్‌షాపు
మార్చి ఇరవై ఎనిమిది

టీచరమ్మా,

నీ మార్కుల పట్టీ గోడకి అంటించాను. పనివాళ్ళందరూ చదివి, ఒకటో నంబరు మీద జాలిపడ్డారు.

కానీ మూడో నంబరు దగ్గర నాకు మింగుడు పడటం లేదు. అది నేను చేసిన చెక్కే, దాని బలమెంతో నాకు తెలుసు. నెల్లాళ్ళు కుక్కలు పరిగెడితే దాని మీద కూడా తెల్లటి గీతలు పడాలి. పడలేదంటే రెండే కారణాలు. నువ్వు దొంగతనంగా మెరుగు పెట్టి ఉండాలి, లేదా ఇంకేదో జరుగుతోంది. మెరుగు పెట్టలేదని ఒట్టు వేస్తావు, నాకు తెలుసు. కాబట్టి ఒక స్టూలు వేసుకుని నడవాలో కూర్చో. చెక్కని చూడకు. కాళ్ళని చూడు. ఎవరు ఎక్కడ అడుగు వేస్తున్నారో అది మాత్రం రాయి.

ఇంకొక్క మాట. అడగనన్నాను గానీ అడుగుతున్నాను. నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. గంతులమ్మ ఉంది, బుడంకాయ ఉంది. తాతగారు ఎక్కడ? ఎలా ఉన్నారని అడిగితే జవాబు లేదు. ఆయన గోళ్ళ గుర్తు ఒక్క చెక్క మీద పడినట్టూ రాయలేదు. బతికే ఉన్నారు కదా? అది మాత్రం వెంటనే రాయి.

వదిన


మా ఇల్లు
ఏప్రిల్ నాలుగు

వదినా,

బతికే ఉన్నారు. ముందు అది చదువుకో.

నిన్న సాయంత్రం వాన పడింది. పెరడంతా బురద. నువ్వన్నట్టే స్టూలు వేసుకు కూర్చున్నాను. మా ఆయన షాపు నుంచి వచ్చి గేటు తీసిన చప్పుడు కాగానే మిగతా రెండూ పెరట్లోంచి నడవాలోకి దూసుకొచ్చాయి. అవి వెళ్ళాక చూస్తే ఒకటో చెక్క మీద బురద కాళ్ళు, రెండో దాని మీద బురద కాళ్ళు, నాలుగో దాని మీదా అంతే. మూడో చెక్క మీద ఒక్క అడుగు కూడా లేదు. దాని ముందుకొచ్చేసరికి బుడంకాయ పక్కకి తప్పుకుంది, గంతులమ్మ దూకేసింది. చెక్కలు అటూ ఇటూ మార్చి మళ్ళీ పిలిచాను. మళ్ళీ అంతే. దాని మీద కాలు పెడితే జారుతుందని వాటికి మొదటి రోజే తెలిసిపోయినట్టుంది. నెల్లాళ్ళు నేను మాత్రం దానికి పదికి పది వేసుకుంటూ కూర్చున్నాను. నాలాంటిది పిల్లలకి లెక్కలు చెప్పడమేమిటి వదినా.

ఇక రెండో సంగతి. రాయాలని కూర్చుని మూడు కాగితాలు చింపాను.

తాతగారు జనవరిలో పడ్డారు. ముందు గదిలో, నేను ఎంచిన టైల్స్ మీదే. ఇల్లు కట్టేటప్పుడు నువ్వు వద్దని చెప్పావు. కుక్కలుండే చోట అద్దం లాంటి నేల వద్దే అని రెండుసార్లు చెప్పావు. నేను వినలేదు. నీది చెక్క పని కాబట్టి అలాగే అంటావులే అనుకున్నాను. ఆ రోజు ఎవరో తలుపు కొడితే ఆయన లేవబోయారు, వెనక కాళ్ళు రెండూ చెరో పక్కకి పోయాయి. లేవలేక ముందు కాళ్ళతో నేలని గీకుతూ నా వైపు చూశారు. 

ఎముక విరగలేదు. కానీ ఆ రోజు నుంచి పెరటి తలుపు దగ్గర చాప వదిలి ఒక్క అడుగు వెయ్యడం లేదు. మా ఆయనే పొద్దున్నా సాయంత్రమూ రెండేసి సార్లు ఎత్తుకుని పెరట్లోకి తీసుకెళ్తున్నారు. ముప్ఫై కిలోలు. డాక్టరమ్మ స్పష్టంగా చెప్పింది, నడక మానేస్తే వెనక కాళ్ళ కండ కరిగిపోతుందని, ఎండాకాలం దాటేలోగా నడిపించుకోకపోతే ఇక లేవరని. అందుకే ఈ నేల. అందుకే ఈ తొందర.

నువ్వు పెంచి ఇచ్చిన ప్రాణాన్ని, నువ్వు వద్దన్న నేల మీద పడేశానని నీకు ఎలా రాయను? మీరు అని రాస్తే కాస్త దూరంగా నిలబడి అడిగినట్టు ఉంటుందనుకున్నాను. ఏమంటావో అను.

నీ ఆడపడుచు


వర్క్‌షాపు
ఏప్రిల్ పది

అమ్మడూ,

కోపం రాలేదని అబద్ధం రాయను. వచ్చింది. ఆ పూటంతా ఒక్క చెక్కనే చిత్రిక పట్టాను, మీ అన్నయ్య కాఫీ పెట్టిచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. తర్వాత నీ ఉత్తరం మళ్ళీ చదివాను. ఈసారి మీ ఆయన కనిపించాడు. ముప్ఫై కిలోల కుక్కని రోజుకి నాలుగుసార్లు, మూడు నెలలుగా! నేల మీద గీత చూస్తే అన్నం సయించదని నువ్వు ఆడిపోసుకున్న మనిషి! అన్నయ్యగారికి నా నమస్కారాలు చెప్పు. నేను ఇన్నాళ్ళూ ఆయన్ని సగమే చూశాను.

ఇప్పుడు నీ పదికి పది సంగతి. పరీక్ష రాయనివాడికి ఫస్టు ర్యాంకు ఇచ్చావే పిచ్చిదానా! పప్పులో కాలేశావు, కానీ ఇందులో నా తప్పూ ఉంది. చెక్కల గురించి రాయమన్నాను గానీ కాళ్ళ గురించి రాయమని ముందే చెప్పాల్సింది. మనుషులైతే జారినా సిగ్గుపడి నడిచేస్తారు. కుక్కలకి ఆ మొహమాటం ఉండదు. మూడో నంబరు మీద నాలుగు పూతలు మెరుపు వార్నిష్ ఉంది, షాపుల్లో బాగా అమ్ముడుపోయే రకం అదే. రెండో నంబరు ఓక్. గట్టి చెక్క. దాన్ని ఇనుప తీగల బ్రష్‌తో రుద్ది, మెత్తటి పొర లాగేసి, నూనె మాత్రం పట్టించాను. నువ్వు చూసిన గాళ్ళు అవే. కుక్క గోరు వాటిలో నిలుస్తుంది. గీతలు పడతాయి, ఆ గాళ్ళలో కలిసిపోతాయి. ఎక్కడైనా లోతుగా పడితే అక్కడ ఒక్కచోటే నూనె గుడ్డతో రుద్దుకోవచ్చు, ఇల్లంతా చెక్కించుకోనక్కర్లేదు.

కానీ నేను చెబితే చాలదు. మూడో నంబరు తీసెయ్యి. మిగతా మూడింటినీ తాతగారి చాప పక్కన, ఆయన మూతికి అందేలా పెట్టు. పిలవకు, లాగకు. ఏది కావాలో ఆయన్నే చెప్పనివ్వు.

వదిన


మా ఇల్లు
ఏప్రిల్ ఇరవై

వదినా,

మూడు రోజులు వాసన మాత్రం చూశారు. నాలుగో రోజు ఒకటో దాని మీద ముందు కాలు పెట్టి తీసేశారు. నిన్న పొద్దున మా ఆయన ఎత్తుకోవడానికి వెళ్ళేసరికి తాతగారు రెండో నంబరు మీద నాలుగు కాళ్ళతో నిలబడి ఉన్నారు! వణుకుతున్నారు, తల వంచుకునే ఉన్నారు, కానీ వెనక కాళ్ళు చెరో పక్కకి పోలేదు. పది లెక్కపెట్టే వరకూ నిలబడి చాప మీదకి వెళ్ళిపోయారు.

మా ఆయన అక్కడే నేల మీద కూలబడ్డారు. "మీ వదినకి రాయి. గీతలు నా షాపులో పడకుండా చూసుకుంటాను. ఇంట్లో ఎన్ని పడితే అన్ని పడనీ" అన్నారు.

ఎప్పుడొస్తావు?


మా ఇల్లు, ముందు గది, కొత్త నేల మీద కూర్చుని
మే ఇరవై రెండు

వదినా,

నువ్వు వెళ్ళి వారమైంది. ఎదురుగా చెప్పలేకపోయిన మాటలు ఇప్పుడు రాస్తున్నాను, నవ్వకు.

నువ్వు పని చేస్తుంటే నేను చూడటం ఇదే మొదటిసారి. నువ్వు మోకాళ్ళ మీద పని చేస్తావని మొదట్లో నేను స్నేహితురాళ్ళకి చెప్పుకోవడానికి నామోషీ పడేదాన్ని. ఈసారి ఆ మోకాళ్ళ వంకే చూస్తూ కూర్చున్నాను. ముందుగా వచ్చిన చెక్కలు వారం రోజులు మా గదిలో ఊరికే పడుకున్నాయి, మా ఇంటి గాలికి అలవాటు పడాలన్నావు. ప్రతి చెక్కనీ వేలి కణుపుతో తట్టి, విని, రెండిటిని పక్కన పెట్టేశావు. ఎందుకంటే "గొంతు బాలేదు" అన్నావు. నాకు అన్నీ ఒకేలా వినిపించాయి. గోడ దగ్గర వేలి మందం ఖాళీ వదిలి, వానాకాలంలో చెక్క ఒళ్ళు విరుచుకోవడానికి అన్నావు. అందరూ నడవాలో చెక్కలు నిలువుగా వేస్తారు, పొడుగ్గా అందంగా కనిపిస్తుందని. నువ్వు అడ్డంగా వేశావు. మా ఆయన నసిగితే, "నిలువుగా వేస్తే చూసేవాళ్ళకి బాగుంటుంది అన్నయ్యగారూ. అడ్డంగా వేస్తే నడిచే ఆయనకి ప్రతి అడుగుకీ పట్టు దొరుకుతుంది" అన్నావు. ఆయన వెంటనే నీకు మేకుల డబ్బా అందించారు. నీ అంత మనిషి మా అన్నయ్యకి ఎలా దొరికిందా అని ఇద్దరం రోజూ అనుకుంటున్నాం.

గంతులమ్మా బుడంకాయా నేలని ఏలేస్తున్నాయి.

తాతగారు మాత్రం దిగడం లేదు వదినా. చాప అంచు దాకా వస్తారు, కొత్త నేల చూస్తారు, వెనక్కి వెళ్ళి పడుకుంటారు. అదే చెక్క, అదే నూనె. ఆ ఒక్క చెక్క మీద నిలబడ్డారు కదా, మరి ఇప్పుడేమైంది? నిన్న డాక్టరమ్మ కాళ్ళు కొలిచింది. టేపు చుట్టి మళ్ళీ కొలిచింది. రెండోసారి కొలవడమే నాకు భయంగా ఉంది.

నీ ఆడపడుచు


వర్క్‌షాపు
మే ఇరవై ఏడు

అమ్మడూ,

నీ పొగడ్తలు మీ అన్నయ్యకి రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారికి లేచి వెళ్ళిపోయాడు.

నాకూ భయంగానే ఉంది. దాచి లాభం లేదు. నేల మంచిదే, అది నాకు తెలుసు. కానీ ఆయనకి ఇల్లంతా ఇంకా ఆ పాత నేలే. ఒక్క చెక్క చాప పక్కన ఉన్నప్పుడు నచ్చకపోతే వెనక్కి రావచ్చు. ఇప్పుడు ఎదురుగా నడవా అంతా ఉంది, అంత దూరం ఎవరు నమ్ముతారు? పడ్డది మనం కాదు కదా.

తిండి ఆశ చూపించకు. మెడపట్టీ పట్టుకు లాగకు. రోజూ పొద్దున్నే చాపని ఒక్క చెక్క వెడల్పు ముందుకి జరుపు, ఆయన దాని మీద ఉండగానే. నేలకి వేసినవి జానెడంతే. రోజుకో చెక్క. ఆయన కదలకుండానే నడవాలోకి వచ్చేస్తారు. చాప అంచు దాటిన కాలికి ఏం తగులుతుందో ఆ కాలే తెలుసుకుంటుంది.

ఎన్ని రోజులు పడుతుందో నాకు తెలీదు. రోజూ రాయనక్కర్లేదు. నడిస్తే రాయి. నడవకపోయినా రాయి, నేనొస్తాను.

వదిన


మా ఇల్లు
జూన్ తొమ్మిది

వదినా,

ఒళ్ళో కాగితం పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు సర్దుకుని చదువుకో.

రోజుకో చెక్క జరిపాను. అయిదో రోజు నుంచి నిద్రలో ఆయన కాలు చాప దాటి బయటికి వచ్చేది. ఏడో రోజు ఆ కాలు మీదే కాస్త బరువు వేసి పక్కకి తిరిగి పడుకున్నారు. నీకు రాద్దామనుకుని, దిష్టి తగులుతుందేమోనని ఆగాను.

ఈ రోజు పదకొండో చెక్క. పొద్దున్న నేను వంట హడావిడిలో ఉన్నాను. మా ఆయన రోజూలాగే చొక్కా చేతులు మడిచి, పెరట్లోకి తీసుకెళ్ళడానికి చాప దగ్గరికి వచ్చారు. వంగి, రెండు చేతులూ చాచారు. "రండి తాతగారూ" అన్నారు.

తాతగారు ఆయన మొహంలోకి చూశారు. ముందు కాళ్ళు నిలబెట్టారు. వెనక కాళ్ళు ఒకసారి తడబడ్డాయి, గోళ్ళు చెక్కలో దిగిన చప్పుడు నాకు వంటింట్లోకి వినిపించింది. లేచారు. నేను పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయాను. ఆయన్ని పట్టుకోమని మా ఆయనకి సైగ చేయబోయి నా చెయ్యి నేనే పట్టుకున్నాను.

ఒక చెక్క. ఇంకో చెక్క. నడుము ఊగుతోంది, తోక కిందకే ఉంది, కానీ వదినా, ఒక్క కాలు కూడా జారలేదు. వెనక్కి తిరిగి, నేను పదకొండు రోజులు జరుపుకుంటూ వచ్చిన దూరమంతా ఆయన తన కాళ్ళ మీద నడిచి, పెరటి గుమ్మం దాటి ఎండలోకి వెళ్ళారు.

మా ఆయన ఇంకా అలాగే వంగి ఉన్నారు, చేతులు చాచుకుని. తాతగారు ఆ చేతుల పక్కనుంచే వెళ్ళిపోయారు.

నీ ఆడపడుచు